అగ్గువైన చాయ్‌పత్తిని సముద్రంలో ఎందుకు పోశారు?

"మేడమ్, చాయ్‌పత్తి అగ్గువ చేసిన్రు కదా. మరి సముద్రంల ఎందుకు పోసిన్రు?"

పోయిన నవంబరులో మా డిగ్రీ రెండో ఏడాది క్లాసులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పరకాల నుంచి రోజూ బస్సులో హనుమకొండ వస్తుంది. ముందు రోజు రాత్రి ఫోన్‌లో బోస్టన్ టీ పార్టీ గురించి, అంటే అమెరికాలోని బోస్టన్ రేవులో జనం తేయాకును నీళ్లలో పోసిన సంగతి గురించి చదివిందట. 1773లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం వల్ల అమెరికాలో తేయాకు ధర పెరగలేదు, తగ్గింది అని అందులో ఉంది. నేనేమో అప్పుడే బోర్డు మీద "అధిక పన్నులు – తేయాకు – 1773" అని రాసి వెనక్కి తిరిగాను.

పందొమ్మిదేళ్లుగా ఈ పాఠం చెప్తున్నాను. పన్ను ఎక్కువైంది, జనం తిరగబడ్డారు, స్వాతంత్ర్యం వచ్చింది అని మూడు ముక్కల్లో చెప్పేసేదాన్ని. ఆ అమ్మాయికి ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత రెండు నెలలు రాత్రుళ్లు కూర్చుని చదివాను. చదివింది ఇక్కడ రాసిపెడుతున్నాను.

అమెరికా తూర్పు తీరంలో బ్రిటన్‌కు 13 వలసలు ఉండేవి. అక్కడ గొడవ పడినవాళ్లు చాలామంది బ్రిటిష్ వంశస్థులే. అదే భాష, అదే రాజు. లండన్ వాళ్లకున్న హక్కులే తమకూ ఉన్నాయని నమ్మినవాళ్లు. ఫ్రాన్సుతో ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ గెలిచింది, కానీ అప్పు 7 కోట్ల పౌండ్ల పైచిలుకు నుంచి 13 కోట్ల దాకా పెరిగింది. యుద్ధం కొంత అమెరికాలో కూడా జరిగింది కదా, అక్కడ ఇంకా సైన్యాన్ని ఉంచాలి కదా, ఆ ఖర్చులో కొంత వాళ్లు పెట్టుకోవద్దా అన్నది ప్రధాని జార్జ్ గ్రెన్‌విల్ లెక్క. ఆయన వైపు నుంచి చూస్తే ఆ లెక్కలో పెద్ద అన్యాయం నాకూ కనిపించలేదు. ఈ మాట క్లాసులో కూడా చెప్పాను.

అదే ఏడాది అక్టోబరులో రాజు ఒక ప్రకటన చేశాడు. అపలాచియన్ కొండలు దాటి పడమటికి వెళ్లి ఎవరూ భూములు ఆక్రమించొద్దు, అవి అక్కడి ఆదివాసులవి అని. వలసవాళ్లకు దీని మీద చాలా కోపం వచ్చింది. మన ములుగు, ఏటూరునాగారం వైపు వాళ్లకు 1/70 చట్టం కొత్త కాదు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదంటే ఎవరికి కోపం వస్తుందో, ఎందుకు వస్తుందో ఇక్కడ అందరికీ తెలుసు. అమెరికా విప్లవానికి దారితీసిన కోపాల్లో ఇదీ ఒకటి. దీన్ని దాచి పాఠం చెప్పడం తప్పని నా అభిప్రాయం.

1764లో చక్కెర చట్టం వచ్చింది. చక్కెర తయారీలో మిగిలే నల్లటి పాకం, మొలాసిస్, దాంతో బోస్టన్ వైపు రమ్ము కాచేవారు. పరాయి దేశాల దీవుల నుంచి వచ్చే ఆ పాకం మీద పాత పన్ను గ్యాలన్‌కు 6 పెన్నీలు. కొత్త చట్టం దాన్ని 3 పెన్నీలు చేసింది. అంటే సగానికి తగ్గించింది. పాత 6 పెన్నీలు ఎవరూ సరిగ్గా కట్టేవారు కాదు, అధికారుల చేతిలో ఎంతో కొంత పెట్టి సరుకు దించుకునేవారు. ఇప్పుడు 3 పెన్నీలు కచ్చితంగా వసూలు చేస్తామన్నారు. దొంగసరుకు కేసులను జ్యూరీ లేని కోర్టుల్లో విచారిస్తామన్నారు. తగ్గించిన పన్ను మీద గొడవ మొదలైంది.

ఇక్కడ నాకు మా నాయినమ్మ గుర్తొచ్చింది. ఆమెది దేవరుప్పుల పక్కన ఒక ఊరు. చిన్నప్పుడు అత్తతో కలిసి దొర గడి పొలాలకు కూలి లేకుండా నాట్లకు పోయేదట. ఏడాదికి నాలుగు రోజులు. ఒక ఏడు గడి మనిషి వచ్చి, ఈసారి రెండు రోజులు వస్తే చాలు అన్నాడట. అప్పటికే చుట్టుపక్కల ఊళ్లలో సంఘం మాటలు వినిపిస్తున్నాయి. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "నాలుగు దినాలప్పుడు ఎవ్వలం అడగలే బిడ్డా. రెండు దినాలు చాలన్నంకనే అడగబుద్ధయింది, ఆ రెండన్నా ఎందుకు పోవాలె అని." ఆ పక్క ఊరే కడవెండి. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య అక్కడే తూటాకు ఒరిగిపోయాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తేదీ కూడా జులై 4, 1776. మా పిల్లలు ఆ తేదీని పరీక్ష కోసం బట్టీ పడతారు. కడవెండి ఇక్కడి నుంచి బస్సు దూరం. ఈ రెండు తేదీలూ ఒకటేనని నేను చెప్పేదాకా క్లాసులో ఒక్కరికీ తెలియదు.

1765 మార్చిలో స్టాంపు చట్టం వచ్చింది. దీని గురించి నిదానంగా రాస్తాను, ఎందుకంటే ఇది చదువుతున్న వారంలోనే నేను నాన్న భూమి పని మీద రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. బయట చెట్టు కింద డాక్యుమెంట్ రైటర్ బల్ల దగ్గర కూర్చుని స్టాంపు కాగితాలు చూస్తుంటే వాటి మీద ఇంతవరకు లేని ఆసక్తి కలిగింది. అమెరికాలో పెట్టింది ఇలాంటిదే. కోర్టు కాగితాలు, భూమి పత్రాలు, లైసెన్సులు, పత్రికలు, కాలేజీ పట్టాలు, ఆఖరికి పేక ముక్కలు కూడా ముద్ర వేసిన కాగితం మీదే ఉండాలి, ఆ ముద్రకు డబ్బు కట్టాలి. ఇంగ్లండులో ఈ పన్ను 1694 నుంచే ఉంది. మనకూ 1899 నాటి చట్టం ఇంకా నడుస్తోంది. తిట్టుకుంటూనైనా కడతాం, ఎందుకంటే ఆ రేట్లు పెట్టేది మనం ఓటేసి పంపినవాళ్లు. అమెరికా వలసల నుంచి లండన్ పార్లమెంటులో ఒక్క సభ్యుడు కూడా లేడు. వాళ్ల పన్నులు అంతవరకు వాళ్ల సొంత శాసనసభలే వేసుకునేవి.

పైగా ఈ పన్ను ఎవరి మీద పడిందో చూడండి. పత్రికలు నడిపేవాళ్లు, ప్లీడర్లు, వ్యాపారులు. ఊళ్లో నలుగురికీ మాట చేరవేసేవాళ్లందరినీ ఒకేసారి కదిలించారు. ఆగస్టు 14న బోస్టన్‌లో స్టాంపులు అమ్మాల్సిన ఆండ్రూ ఆలివర్ బొమ్మను ఒక పెద్ద చెట్టుకు వేలాడదీశారు. ఆయన ఆ పని చేయనని చెప్పేశాడు. పన్నెండు రోజుల తర్వాత లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ హచిన్సన్ ఇంటి మీద పడి తలుపులు, గోడలు, సామాన్లు ధ్వంసం చేశారు. అక్టోబరులో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్క్‌లో కలిసి విన్నపం రాశారు. నవంబరు 1న చట్టం అమల్లోకి వచ్చే రోజుకు స్టాంపులు అమ్మడానికి మనుషులే దొరకని పరిస్థితి.

1766 మార్చి 18న పార్లమెంటు స్టాంపు చట్టాన్ని రద్దు చేసింది. అదే రోజు ఇంకో చట్టం కూడా వచ్చింది. ఏ విషయంలోనైనా సరే వలసల మీద చట్టాలు చేసే అధికారం పార్లమెంటుకు పూర్తిగా ఉంది అని చెప్పే చట్టం. నేను పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా బోర్డు మీద రాయనిది ఇదే. ఇప్పుడు నాకు ఈ కథంతటికీ ఆయువుపట్టు ఇక్కడే ఉందనిపిస్తోంది.

మా నాన్న సంగతి చెప్తేగానీ ఇది నాకు ఎందుకు అంత గట్టిగా తగిలిందో అర్థం కాదు. నాన్నకు, వరసకు తమ్ముడయ్యే ఒకాయనకు పొలాలు పక్కపక్కన. ఆయన గట్టు జరిపి రెండు గుంటలు కలుపుకున్నాడు. పెద్దమనుషులు కూర్చున్నారు. ఆయన ఒప్పుకుని రెండు గుంటలూ వదిలేశాడు. కానీ తాను పాతిన హద్దురాయి మాత్రం తీయలేదు. "మడి ఇచ్చిన కదా, రాయి ఉంటే నీకేం నష్టం" అన్నాడు. నాన్న మళ్లీ నాటు వేసుకున్నాడు, పంట కోసుకున్నాడు. నిజంగానే నష్టమేమీ లేదు. కానీ ప్రతి ఏటా దుక్కికి ముందు ఆ రాయి దగ్గర నిలబడి చూసేవాడు. నాలుగేళ్లకు వాళ్లిద్దరి మధ్య మాటలు పోయాయి. ఆ తర్వాత కోర్టు. రెండు గుంటల కోసం కొట్లాడుకున్నారని ఊరంతా అనుకుంది. రెండు గుంటలు అప్పటికే నాన్న చేతిలో ఉన్నాయి.

ఏడాది తిరగగానే పార్లమెంటు ఆ రాయి చూపించింది. 1767లో ఆర్థిక మంత్రి చార్లెస్ టౌన్‌షెండ్ అద్దం, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద దిగుమతి సుంకాలు వేశాడు. ఆ వచ్చిన డబ్బుతో అక్కడి గవర్నర్లకు, జడ్జీలకు జీతాలు ఇవ్వాలన్నది ఆలోచన. అంతకుముందు చాలాచోట్ల ఆ జీతాలు వలసల శాసనసభలే ఇచ్చేవి. జీతం ఎవరు ఇస్తే అధికారి వాళ్ల మాట వింటాడు. సుంకం చిన్నదే, కానీ అది పోయే చోటు చూసి వాళ్లు భయపడ్డారు. బ్రిటన్ సరుకు కొనడం మానేశారు. ఆడవాళ్లు ఒకచోట చేరి పొద్దంతా నూలు వడికారు, ఇంట్లో నేసిన బట్ట కట్టుకోవడం గౌరవమైంది. ఇది చెప్తున్నప్పుడు కొత్తవాడ నుంచి వచ్చే పిల్లలు నిటారుగా కూర్చున్నారు. వాళ్ల ఇళ్లలో మగ్గాలున్నాయి.

1768 అక్టోబరులో బోస్టన్‌లో సైన్యం దిగింది. దాదాపు 16 వేల జనాభా ఉన్న ఊరు అది. వీధి మలుపుల్లో ఎర్ర కోటు వేసుకున్న సైనికుల కాపలా. సైనికులకు జీతం తక్కువ కాబట్టి ఖాళీ వేళల్లో కూలి పనులకు పోయేవారు, దాంతో ఊరి కూలీలతో తగాదాలు. 1770 మార్చి 5 రాత్రి కస్టమ్స్ ఆఫీసు ముందు కాపలా సైనికుడి చుట్టూ జనం చేరారు. మంచుగడ్డలు విసిరారు, తిట్టారు. సైనికులు కాల్చారు. ఐదుగురు చనిపోయారు. దీన్నే బోస్టన్ ఊచకోత అంటారు. మొదట పడిపోయినవాడు క్రిస్పస్ అటక్స్, ఆఫ్రికన్, అమెరికా ఆదివాసీ రక్తం రెండూ ఉన్న ఓడ కూలీ.

"ఐదుగురే కదా, దాన్ని ఊచకోత అన్నరా?" అని వెనక బెంచీలో ఒక అబ్బాయి అన్నాడు. పరకాల అమ్మాయి అతని వైపు తిరిగి చూసింది. 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయడానికి చేరినవాళ్లను పరకాలలో కాల్చి చంపిన సంగతి, వాళ్ల గుర్తుగా కట్టిన అమరధామం ఆమెకు రోజూ కనిపించేవే. చనిపోయినవాళ్ల పేర్లు ఊరికి తెలుసు, లెక్క ఎవరూ అడగరు అంది. ఆ అబ్బాయి తల దించుకున్నాడు. బోస్టన్ వాళ్లూ అంతే. ఏటా మార్చి 5న సభ పెట్టి తలచుకున్నారు. ఆ ఊరి వెండి పనివాడు పాల్ రివీర్ ఆ కాల్పుల బొమ్మ చెక్కి అచ్చు వేసి అమ్మాడు.

ఆ సైనికుల తరఫున వాదించింది జాన్ ఆడమ్స్. తర్వాత దేశానికి రెండో అధ్యక్షుడైనవాడు. ఊరంతా కోపంగా ఉన్నా కెప్టెన్‌నూ, ఆరుగురు సైనికులనూ జ్యూరీ నిర్దోషులుగా వదిలింది, ఇద్దరికి తక్కువ శిక్ష పడింది. అంత కోపంలో కూడా కోర్టు నడిపించిన ఆ ఊరంటే నాకు గౌరవం.

ఇంకో సంగతి. కాల్పులు జరిగిన అదే మార్చి 5న లండన్‌లో ప్రధాని లార్డ్ నార్త్ టౌన్‌షెండ్ సుంకాలు ఎత్తేయాలని ప్రతిపాదించాడు. అన్నీ కాదు, ఒక్క తేయాకు మీద తప్ప. పౌను బరువుకు 3 పెన్నీలు అలాగే ఉంచాడు. ఓడలో వార్త చేరడానికి వారాలు పట్టే కాలం కాబట్టి ఇక్కడి తుపాకీ అక్కడ వినపడలేదు, అక్కడి మాట ఇక్కడ వినపడలేదు. ఆ 3 పెన్నీలు డబ్బు కోసం ఉంచినవి కావు. హద్దురాయి.

ఇక తేయాకు. దీనికి మన వైపు నుంచి ఒక దారి ఉంది. 1765లో, అంటే స్టాంపు చట్టం చేసిన ఏడాదే, ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో పన్ను వసూలు హక్కు సంపాదించింది. స్టాంపు చట్టం రద్దయిన 1766లోనే నవంబరు 12న నిజాం అలీఖాన్‌తో ఒప్పందం చేసుకుని శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా ఉత్తర సర్కారులను ఏటా కప్పం కడతానని తీసుకుంది. మన ఓరుగల్లు నిజాం కిందే ఉండిపోయింది. బెంగాల్‌లో 1769–70ల కరువులో జనం కుప్పలుగా చచ్చిపోయారు. 1772 వచ్చేసరికి కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, లండన్ గిడ్డంగుల్లో దాదాపు 1 కోటి 70 లక్షల పౌన్ల తేయాకు అమ్ముడు కాకుండా పడి ఉంది. అది చైనా తేయాకు. మన దగ్గర అస్సాం తోటలు మొదలైంది ఇంకా అరవై ఏళ్ల తర్వాత.

కంపెనీని బతికించడానికి 1773 మేలో తేయాకు చట్టం చేశారు. అంతకుముందు లండన్ వేలంలో వ్యాపారులు కొని అమెరికాకు పంపేవారు. ఇప్పుడు కంపెనీయే నేరుగా పంపొచ్చు, బ్రిటన్‌లో కట్టిన సుంకం వాపసు వస్తుంది. మధ్యలో చేతులు తగ్గాయి, ధర తగ్గింది. డచ్చి వాళ్ల దగ్గర నుంచి దొంగచాటుగా వచ్చే తేయాకుతో పోటీ పడేంత అగ్గువైంది. ఆ 3 పెన్నీలు కూడా తీసేయమని పార్లమెంటులోనే కొందరు నార్త్‌కు చెప్పారు. ఆయన వినలేదు.

ఇదే ఆ అమ్మాయికి నేను ఇవ్వాల్సిన జవాబు. అగ్గువ చేసింది కాబట్టే పోశారు. పిరంగా ఉంటే జనం కొనకుండా ఉండేవారు. అగ్గువైతే కొంటారు. కొన్న ప్రతి ఇల్లూ ఆ 3 పెన్నీలు కట్టినట్టే, పార్లమెంటు హక్కును ఒప్పుకున్నట్టే. పైగా అమ్మే హక్కు కంపెనీ ఎంచుకున్న కొద్దిమందికే. బోస్టన్‌లో అలా ఎంచుకున్నవాళ్లలో గవర్నర్ కొడుకులు ఇద్దరున్నారు. ఆ గవర్నర్ ఎవరో కాదు, ఎనిమిదేళ్ల కిందట జనం ఇల్లు కూల్చిన హచిన్సనే. బెంగాల్‌లో కంపెనీ ఏం చేసిందో అమెరికా వాళ్లకు తెలుసు. ఫిలడెల్ఫియా ప్లీడరు జాన్ డికిన్సన్ మారుపేరుతో రాసిన కరపత్రంలో, ఆసియాలో జనాన్ని దోచి ఆకలికి చంపినవాళ్లు ఇప్పుడు మన మీదికి వస్తున్నారని హెచ్చరించాడు. బెంగాల్ కరువు ఫిలడెల్ఫియాలో చర్చకు వచ్చిందని చదివి నేను ఆ రాత్రి పుస్తకం మూయలేకపోయాను.

ఫిలడెల్ఫియా, న్యూయార్క్ తేయాకు ఓడలను వెనక్కి పంపించేశాయి. బోస్టన్‌లో డార్ట్‌మత్, ఎలినార్, బీవర్ అనే మూడు ఓడలు రేవులో ఆగాయి. సుంకం కట్టడానికి ఇరవై రోజుల గడువు. డిసెంబరు 16న దాదాపు 5 వేల మంది ఒక చర్చి చుట్టూ చేరి, డార్ట్‌మత్ ఓడ యజమాని ఫ్రాన్సిస్ రాచ్‌ను గవర్నర్ దగ్గరికి పంపారు. ఓడ సరుకుతో సహా వెనక్కి పోవడానికి అనుమతి ఇవ్వండి అని. ఒక్క సంతకం. హచిన్సన్ ఇవ్వలేదు. ఆయన సంతకం పెట్టి ఉంటే ఆ రాత్రి ఏమీ జరిగేది కాదని నేను నమ్ముతున్నాను. మూడు గంటల్లో 342 పెట్టెలు, దాదాపు 42 టన్నులు నీళ్లలో పోశారు. ఓడల్లో ఇంకే సరుకూ ముట్టుకోలేదు. పగిలిన ఒక తాళం బదులు కొత్తది తెచ్చి ఇచ్చారు.

తర్వాతి సంగతులు వేగంగా జరిగాయి. పోసింది కొందరైతే ఊరంతటికీ శిక్ష వేశారు. 1774 జూన్ 1 నుంచి తేయాకు డబ్బు కట్టేదాకా రేవు మూసేశారు, మసాచుసెట్స్ శాసనసభ అధికారాలు కోసేశారు. దాంతో అంతవరకు బోస్టన్ గొడవలా ఉన్నది అందరి గొడవ అయింది. దక్షిణం నుంచి బియ్యం వచ్చింది, కనెక్టికట్ నుంచి గొర్రెలను తోలుకొచ్చారు. సెప్టెంబరులో 12 వలసలు ఫిలడెల్ఫియాలో కూర్చున్నాయి. అప్పటికీ విడిపోతామనలేదు, రాజుకు విన్నపమే రాశాయి. 1775 ఏప్రిల్ 19న బోస్టన్ దగ్గరి లెక్సింగ్‌టన్‌లో బ్రిటిష్ సైనికులకు, వలసవాళ్లకు మధ్య తుపాకులు పేలాయి. జులైలో మళ్లీ ఒక విన్నపం పంపితే రాజు ఆగస్టులో వాళ్లను తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు.

హక్కు గురించి అంతగా కొట్లాడిన ఆ వలసల్లో ఐదుగురిలో ఒకరు బానిస. వాళ్లను ఎవరూ ఏ సభలోకీ పిలవలేదు. 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్, తిరుగుబాటుదారుల బానిసలు రాజు తరఫున పోరాడితే విడుదల చేస్తానన్నప్పుడు చాలామంది అటు పరుగెత్తారు. మా నాయినమ్మ వాళ్లు అక్కడ పుట్టి ఉంటే వాళ్లలోనే ఉండేవారని క్లాసులో చెప్పాను.

జనవరిలో ఇదంతా నాలుగు పీరియడ్లు చెప్పాక పరకాల అమ్మాయి మళ్లీ చెయ్యెత్తింది. స్టాంపు చట్టం రద్దయిన వార్త 1766 మేలో బోస్టన్ చేరినప్పుడు ఊరంతా దీపాలు పెట్టారు, బాణాసంచా కాల్చారు అని నేనే చెప్పాను.

"అధికారం మాదే అన్న రెండో చట్టం సంగతి కూడా అప్పుడే తెలిసింది కదా మేడమ్. మరి పండుగ ఎట్ల చేసుకున్నరు?"

తెలుసు బిడ్డా అన్నాను. పార్లమెంటు పరువు కోసం రాసుకున్న మాటలే అనుకున్నారు, పట్టించుకోలేదు. పెద్దమనుషులు చెప్పాక రెండు గుంటలు తిరిగొచ్చిన రోజు మా నాన్న కూడా ఊరి హోటల్లో అందరికీ చాయ్ పోయించాడు. రాయి అప్పుడు కూడా అక్కడే ఉంది.